క్యాంప్ 1 ఏ సెంటర్?

తెలుగు సినిమా సమీక్షలు చదివేవాళ్లకి ఒక మాట బాగా తెలిసే ఉంటుంది. "ఏ సెంటర్లలో కష్టమే గానీ, బి, సి సెంటర్లలో ఆడేస్తుంది" అని రాస్తూ ఉంటారు. మొదటిసారి చదివినప్పుడు మాకు అర్థం కాలేదు. మేడ మీద ఆరబెట్టిన వడియాలకి కాపలా కూర్చున్న తాతయ్యని అడిగాం. పెద్ద నగరాలు ఏ సెంటర్లు, పట్టణాలు బి, చిన్న ఊళ్లు సి అని, సినిమాలు కొని ఆడించేవాళ్లు తమ లెక్కల కోసం పెట్టుకున్న పేర్లని చెప్పారు. మాలో అందరికన్నా చిన్నవాడు వెంటనే, "తాతయ్యా, మరి మన క్యాంప్ 1 ఏ సెంటర్?" అన్నాడు. తాతయ్య కాసేపు ఆలోచించి, "మనం ఆ లెక్కలో లేం బాబూ" అన్నారు.

ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన ఆ మేడ మీదే పుట్టింది.

మేమంటే ఐదుగురం. ఒకరి నాన్నగారిది రైల్వే, ఒకరి అమ్మగారిది బ్యాంకు, ఇద్దరి నాన్నలు సి.ఐ.ఎస్.ఎఫ్.లో ఉన్నారు. ఐదోవాడి ముత్తాతగారు భిలాయి స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి కూలి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. 1959లో అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించిన నాటికే వాళ్ల కుటుంబం ఇక్కడ ఉంది. అందుకే మేడ వాళ్లది, తాతయ్య వాళ్ల తాతయ్య. మిగతా నలుగురం ఎప్పుడు ఏ ఊరు వెళ్తామో తెలియనివాళ్లం. ఆ మేడ మీద కూర్చున్నంతసేపు మాత్రం తెలుగులో పోట్లాడుకుంటాం.

మాకు సినిమా కన్నా ముందు సినిమా మీద అభిప్రాయం చేరుతుంది. శుక్రవారం మధ్యాహ్నానికే విశాఖలో ఉన్న బావో, విజయనగరంలో ఉన్న పిన్ని కొడుకో ఫోనులో తీర్పు చెప్పేస్తారు. సాయంత్రానికి సమీక్షలు వస్తాయి. ఇక్కడి హాలుకి ఆ సినిమా వస్తే చాలాసార్లు హిందీ గొంతుతోనే వస్తుంది. ఐదుగురం వెళ్లాలంటే ఐదు ఇళ్లలో అనుమతి, ఐదు టిక్కెట్ల డబ్బు కావాలి. అమ్మలు ముందు అడిగే ప్రశ్న "ఎన్ని స్టార్లు ఇచ్చారు?" అనే. రెండున్నరకి తగ్గితే ఆ ఆదివారం ఇంట్లోనే.

ఆ స్టార్ల మీదే మాకు మొదటి ఫిర్యాదు. ఒక సినిమాకి 2.75, ఇంకో సినిమాకి 3 అని ఇస్తారు. ఆ పావు దేనికి తగ్గింది? పాట బాగాలేదా, నటుడు బాగాలేడా, సమీక్షకుడికి ఆ రోజు తలనొప్పా? మా లెక్కల పరీక్షలో జవాబు ఒక్కటే రాస్తే పూర్తి మార్కులు రావు, స్టెప్పులన్నీ చూపించాలి. సమీక్ష రాసేవాళ్లకి కూడా ఈ నియమం పెట్టాలని మా అభిప్రాయం. చాలా సమీక్షల్లో స్టెప్పులు ఉండాల్సిన చోట "ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు" అని రెండు గళ్లు ఉంటాయి. మైనస్ గడిలో "సెకండాఫ్ ల్యాగ్" అన్న మాట అచ్చు పోసినట్టు ప్రతివారం కనబడుతుంది. ఎక్కడ సాగిందో, ఎందుకు సాగినట్టు అనిపించిందో చెప్పరు.

శాతాల సంగతీ అంతే. అమెరికాలో రాటెన్ టొమాటోస్ అనే సంస్థ సినిమాలకి శాతాలు ఇస్తుంది. తొంభై శాతం అంటే సినిమాకి నూటికి తొంభై మార్కులు వచ్చాయని మేం చాలాకాలం అనుకున్నాం. అది తప్పు. పదిమంది విమర్శకుల్లో తొమ్మిదిమంది "ఫర్వాలేదు, చూడొచ్చు" అన్నారని మాత్రమే దాని అర్థం. పదిమందీ "ఏదో బాగానే ఉంది" అని సరిపెట్టుకున్న సినిమాకి నూరు శాతం వస్తుంది. ఆరుగురు ప్రాణం పెట్టి ప్రేమించి, నలుగురు తిట్టిన సినిమాకి అరవై వస్తుంది. ఈ రెండోదే చూడాలని మాకు అనిపిస్తుంది. నలుగురు తిట్టారంటే అందులో తిట్టడానికైనా ఏదో ఒకటి ఉండి ఉంటుంది కదా.

ఇక మమ్మల్ని నిజంగా ఆలోచింపజేసిన సినిమా "కేరాఫ్ కంచరపాలెం". వెంకటేష్ మహా తీశారు, 2018లో వచ్చింది. విశాఖలోని కంచరపాలెంలో, ఎక్కువగా ఆ పేటవాళ్లనే నటులుగా పెట్టి తీసిన సినిమా. మాకు ఆలస్యంగా, ఫోనులో దొరికింది. క్లాసులో ఒక స్నేహితుడికి కింద అక్షరాలతో చూపిస్తే పది నిమిషాల్లో లేచిపోయాడు. "హీరో ఎక్కడ? ఫైటు ఎక్కడ?" అన్నాడు. వాడిని తప్పు పట్టలేం, మాలో ఇద్దరికీ అదే అనిపించింది. ఆపేశాం.

వారం తరవాత అదే ఫోను తాతయ్య ఇంట్లో నాన్నమ్మ చేతిలో పడింది. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టి, భోజనం వేళ కూడా లేవలేదు. మధ్యలో తెరతో మాట్లాడటం మొదలుపెట్టారు. "ఏటే, అలా నిలబడిపోనావు?" అని అడుగుతున్నారు! సినిమాలో వాళ్ల మాట, ఇంట్లో నాన్నమ్మ మాట ఒకటే. ఇన్నాళ్లూ సినిమాల్లో ఆ మాట వినబడితే అది నవ్వించడానికి పెట్టిన పాత్ర అయ్యేది. ఇక్కడ ప్రేమించేవాళ్లు, ఏడ్చేవాళ్లు, దేవుడితో గొడవపడేవాళ్లు అందరూ అలాగే మాట్లాడుతున్నారు. కథలో ఒడిశా నుంచి ఆఫీసుకి వచ్చిన అధికారిణి ఒకావిడ ఉంటుంది. కొత్త ఊళ్లో కొత్త కుర్చీలో కూర్చునే ఆవిడ ఇబ్బంది మా ఇళ్లలో అందరికీ తెలిసిందే. చివర్లో ఏం జరుగుతుందో మాత్రం చెప్పం. సమీక్షలో అది చెప్పేసేవాళ్లని ఒక నెల సినిమాలు చూడనివ్వకూడదు.

తరవాత ఆ సినిమా మీద పాత సమీక్షలు వెతికి చదివాం. విమర్శకులు చాలామంది మెచ్చుకున్నారు. పేరున్న నటుడు ఒక్కడూ లేని సినిమాని జనం దగ్గరికి చేర్చడంలో విమర్శకుడి మాటకి ఎంత బలం ఉంటుందో అప్పుడు తెలిసింది. పెద్ద హీరో సినిమాకి సమీక్షకుడు అడ్డు నిలబడలేడు, అవసరం కూడా లేదు. చిన్న సినిమాకి మాత్రం దారి చూపించే చెయ్యి కావాలి. విమర్శకులంటే తిట్టేవాళ్లని అనుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

అలాగని జనం ఎప్పుడూ విమర్శకుడి చెయ్యి పట్టుకునే నడిచారనుకోవడం కూడా పొరపాటే. 1980లో "శంకరాభరణం" వచ్చినప్పుడు మొదటి రోజుల్లో హాళ్లు ఖాళీగా ఉన్నాయట. తరవాత చూసినవాళ్లు చెప్పిన మాటతోనే నిండాయి. సంగీతం మాస్టారి కథ, పెద్ద హీరో లేడు. శంకరశాస్త్రిగా వేసిన జె.వి.సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరుగా ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నవారు, శ్రీకాకుళం జిల్లావారు. ఈ సంగతి చెప్పినప్పుడు బ్యాంకు అమ్మగారు "అయితే మాకూ ఆశ ఉంది" అన్నారు.

"పుష్ప"తో ఇంకో చిక్కు వచ్చింది. తెలుగు సమీక్షలు అల్లు అర్జున్ చిత్తూరు యాసని పొగిడాయి. ఇక్కడ మా స్నేహితులు చూసిన హిందీ పుష్ప గొంతు శ్రేయస్ తల్పడేది. ఆ యాస అందులో లేదు. వాళ్లు పొగిడిన పుష్ప, మేం పొగిడిన పుష్ప ఒకరు కాదని అర్ధగంట పోట్లాడాక తెలిసింది. ఏ భాషలో చూశారో సమీక్ష మొదటి వాక్యంలోనే రాయాలి.

అన్నిటికన్నా ఎక్కువగా మాకు పాఠం చెప్పింది "ఆర్ఆర్ఆర్." ఈ సినిమా మీద మాకు వేరే అభిప్రాయం ఉండటానికి వీల్లేదని అనుకునేవాళ్లం. రాజమౌళి గారి సినిమా, 2022. మరుసటి ఏడాది "నాటు నాటు" పాటకి కీరవాణి, చంద్రబోస్ గార్లు ఆస్కార్ అందుకున్నారు. బడిలో ఆ పాటకి అడుగులు వేయనివాళ్లు లేరు. పరదేశంలో విమర్శకులు ఎగిరి గంతేశారు. మన దేశంలో కొందరు మాత్రం, గోండు వీరుడు కొమరం భీమ్‌ని అమాయకుడిలా చూపించారని, చివర్లో అతను రాముణ్ణి చదువు అడిగినట్టు పెట్టడం సరికాదని రాశారు. మేం అవి చదివి నవ్వుకున్నాం. సినిమాని సినిమాలా చూడలేనివాళ్లు అన్నాం.

మా క్లాసులో గోండు కుటుంబం అమ్మాయి ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో ఇది వింత కాదు, గోండులు ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ అమ్మాయి కూడా "నాటు నాటు"కి మాతోపాటే ఆడింది. ఒకరోజు టిఫిన్ డబ్బాలు తెరిచాక మామూలుగా అడిగింది: "భీమ్‌కి చదువు రాదని ఎవరు చెప్పారు?" మా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్లి వెతికాం. చంద్రాపూర్‌లో ఒక పత్రిక నడిపేవాడి దగ్గర ఉండి భీమ్ చదవడం రాయడం నేర్చుకున్నాడని ఆయన కథ చెప్పేవాళ్లు చెబుతారు. అల్లూరి సీతారామరాజు 1924లో, భీమ్ 1940లో ప్రాణాలిచ్చారు. ఇద్దరూ కలిసినట్టు చరిత్రలో లేదు. కలిస్తే ఎలా ఉంటుందన్నది దర్శకుడి ఊహ, ఆ స్వేచ్ఛ ఆయనకి ఉంది. ఆ ఊహలో నేర్పేవాడు ఎవరు, నేర్చుకునేవాడు ఎవరు అని అడిగే హక్కు ఆ అమ్మాయికీ ఉంది.

మేం ఆ సినిమా మూడుసార్లు చూశాం. మూడుసార్లూ ఆ చోట చప్పట్లు కొట్టాం. ఎక్కడో ఢిల్లీలో కూర్చుని గిట్టక రాశారనుకున్న మాట, మా పక్క బెంచీలో టిఫిన్ తింటున్న అమ్మాయి మనసులో ఉంది. ఆ సినిమా మాకు ఇప్పటికీ ఇష్టమే, వంతెన కింద వాళ్లిద్దరూ చేతులు కలిపే చోట ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ విమర్శకుల్ని చూసి నవ్వినందుకు సిగ్గుపడుతున్నాం.

విమర్శ రాయడం చిన్న పని అనుకునేవాళ్లకి రెండు పేర్లు చెప్పాలి. "బుడుగు" రాసిన ముళ్లపూడి వెంకటరమణ గారు సినిమాలకి మాటలు రాయకముందు ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాశారు. మన అమ్మానాన్నలు చదివిన "చందమామ"ని ఏళ్లతరబడి తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారు సినిమాల మీద వ్యాసాలు రాశారు. పిల్లలకి కథ చెప్పడం తెలిసినవాళ్లే సినిమాలో కథ ఎక్కడ కుంటిందో కూడా చెప్పారు. గళ్లు గీసి ప్లస్సులు మైనస్సులు పెట్టడానికి వాళ్లు ఒప్పుకుని ఉండేవారు కాదని మా గట్టి నమ్మకం.

ఇప్పుడు మేడ మీద ఒక నోటుపుస్తకం పెట్టాం. చూసిన ప్రతి సినిమా మీద తెలుగులో ఒక పేజీ రాయాలి. స్టార్లు లేవు. "ల్యాగ్" అన్న మాట రాస్తే ఎన్నో నిమిషంలో సాగిందో కూడా రాయాలి. ఏ భాషలో, ఎవరి పక్కన కూర్చుని చూశారో పైన రాయాలి. మాలో ముగ్గురికి ఒత్తులు ఇంకా సరిగ్గా రావు, తాతయ్య ఎర్ర సిరాతో దిద్దుతారు. గోండు అమ్మాయి హిందీలో చెబితే మేం తెలుగులో రాస్తున్నాం, "భీమ్" పేజీ ఆమెదే. నాన్నమ్మ రాయరు, చెబుతారు. కంచరపాలెం మీద ఆవిడ చెప్పినది నాలుగు పేజీలు వచ్చింది. అందులో రెండు పేజీలు సినిమా గురించి, రెండు పేజీలు తన పెళ్లి గురించి.

వచ్చే నెల "మాయాబజార్." 1957 నాటి నలుపు తెలుపుదా, 2010లో రంగులు వేసినదా అన్న దగ్గర పేచీ నడుస్తోంది. తాతయ్య రంగులు వద్దంటున్నారు, చిన్నవాడు ఘటోత్కచుడి బట్టలు ఏ రంగో చూడాలంటున్నాడు. ఈలోగా రైల్వే నాన్నగారికి ఖరగ్‌పూర్ బదిలీ కాగితం వచ్చింది. వాళ్లమ్మాయి తన పేజీ పోస్టులో పంపుతానంది. కవరు మీద క్యాంప్ 1 అని రాస్తే చాలు, ఏ సెంటరో రాయక్కర్లేదని చిన్నవాడు ఆమెకి ముందే చెప్పేశాడు.