సంఘపు వెబ్‌సైటు మూతపడినప్పుడు

మొన్నటి తొలకరిలో మా సంఘపు వెబ్‌సైటు రెండు దినములు తెరువబడలేదు. ఎరువుల నిల్వ యెంత యున్నదో అందు చూచుకొని బయలుదేరుట సభ్యుల కలవాటు. ఆ రెండు దినములును రైతులు దుక్కి మానుకొని గిడ్డంగికి వచ్చి, వట్టిచేతులతో మరలిపోయిరి. పాలకవర్గమువారు గుమాస్తాపై కోపించిరి. లోపము గుమాస్తాయందు గాక, పద్ధతి లేకుండుటయందే గలదని నా యభిప్రాయము.

జరిగినది చాల చిన్నది. ఎన్‌జినెక్స్ అను సర్వరు ప్రోగ్రాముయొక్క కాన్ఫిగరేషను ఫైలులో నొక పంక్తి చివర నుండవలసిన సెమికోలను జారిపోయినది. నడచుచున్న సర్వరును ఆపి మరల మొదలుపెట్టగా అది లేవలేదు. ఆపకుండ 'రీలోడు' అని యాజ్ఞాపించి యుండినచో, అది క్రొత్త ఫైలును పరీక్షించి, తప్పు కనబడగనే దానిని విడిచి, పాత యేర్పాటుతోనే పని జరుపుకొనెడిది. అంతకు ముందే 'ఎన్‌జినెక్స్ -టి' అనినచో తప్పు ఏ ఫైలులో, నెన్నవ పంక్తిలో నున్నదో అదియే చెప్పును. (చెప్పిన పంక్తికి పైదానిని గూడ చూడవలెను, సెమికోలను లోపము తరచుగా నచ్చటనే దాగియుండును.)

పొలమునకు నీరు రానప్పుడు తూము మూసియున్నదా, కాలువకు గండిపడినదా యని మనము చూతుము గదా! ఇదియు నట్టిదే. సర్వరే నిలిచిపోయినచో బ్రౌజరునకు సంబంధమే దొరకదు. '502' అను సంఖ్య కనబడినచో సర్వరు లేచియే యున్నది. దాని వెనుకనున్న ప్రోగ్రాము పడిపోయినదో, దాని చిరునామా తప్పుగా వ్రాయబడినదో విచారింపవలెను. భద్రతా హెచ్చరిక వచ్చినచో సర్టిఫికెటు గడువు చూడవలెను. క్రొత్త సర్టిఫికెటు తెచ్చియు రీలోడు చేయకున్న, ఎన్‌జినెక్స్ పాతదానినే చూపుచుండును. వీనిలో పెక్కు ఎర్రరు లాగులో వ్రాయబడియే యుండును. మావారు రెండు దినములు దానిని తెరువక, యంత్రమును పదేపదే ఆపి చూచిరి.

పెద్ద సంస్థలకును ఇట్టిది తప్పలేదు. 2021 జూను 8న ఫాస్ట్‌లీ సంస్థలో నొక ఖాతాదారు చేసిన సక్రమమైన మార్పే, సాఫ్ట్‌వేరున దాగియున్న దోషమును కదలింపగా, వారి వ్యవస్థలో 85 శాతము పనిచేయలేదు. వారు నిమిషములో గుర్తించి, ఆ మార్పును నిలిపివేసి, 49 నిమిషములలో 95 శాతమును చక్కబరచిరి.

మార్పు చేయుటకు ముందు పాత ఫైలునకు తేదీతో నకలు తీయవలెననియు, పరీక్షింపక యెవ్వరును సర్వరును ఆపరాదనియు సర్వసభ్య సమావేశమున ప్రతిపాదింపనున్నాను. ఎరువుల నిల్వను ప్రతిదినము గిడ్డంగి తలుపు ప్రక్కనున్న నల్లబల్లపై గూడ వ్రాయవలెనని యడిగెదను. ఆ బల్ల యిప్పటికిని అక్కడనే యున్నది.