వేలిముద్ర ఎవరి సొత్తు?

అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ సందుల్లో ఇరుకు గదుల్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదివే యువతీ యువకుల్లో రైతుల బిడ్డలు, కూలీల బిడ్డలు ఎందరో! హాస్టల్లో చేరాలంటే ఆధార్ జిరాక్సు, కోచింగుకు జిరాక్సు, సిమ్ముకు ఆధార్. ఆ కాగితాలు తర్వాత ఎవరి చేతిలో పడుతున్నాయో అడిగే నాథుడు లేడు. చదువుకున్నవాళ్ల గతే ఇదైతే, ఊళ్లో వేలిముద్ర వేసే వాళ్ల అమ్మానాన్నల సంగతేమిటి?

2018లో హైదరాబాదులో బయటపడిన కేసు చూడండి. సిమ్‌కార్డులు అమ్మే వ్యక్తి ఒకడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటిమీది వేలిముద్రలకు రబ్బరు అచ్చులు తీశాడు. అమ్మకాల టార్గెట్ కోసం వేలకొద్దీ సిమ్ములు ఆ దొంగ వేళ్లతో ఆన్ చేయించాడు. పొలం అమ్ముకున్న రైతు వేలు, ఆ రైతుకే తెలియకుండా బజారుకెక్కిందన్నమాట!

ఒకప్పుడు షావుకారు తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకొని పొలం కాజేసేవాడు. ఇప్పుడా కాగితం కూడా అక్కర్లేదు. ఊళ్లో బ్యాంకు మిత్ర మిషన్లో డబ్బు తీయడానికి బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలు ఉంటే చాలు. పిన్ను లేదు, ఓటీపీ లేదు. తాళంచెవి పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోగలమా? కలుపు తీసి తీసి గీతలరిగిన కూలితల్లి అసలు వేలిని రేషను మిషను కాదంటుంది. రబ్బరు వేలిని మాత్రం మిషను ఔనంది!

గోప్యత పట్నం బాబుల ముచ్చట కాదు. అది ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. ఖాతాదారుడి తప్పుంటే దాన్ని రుజువు చేయాల్సిన భారం బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఆదేశించింది. ఆదేశాలున్నా, సొమ్ము పోయిన కూలీకి తిరుగుడు తప్పడం లేదు. ఒకరోజు తిరిగితే ఒకరోజు కూలి పోయినట్లే.

కనుక, దస్తావేజుల నకళ్లలో వేలిముద్రలు, ఆధార్ నంబర్లు పరాయి కంటపడకుండా ప్రభుత్వం పూర్తిగా మూసివేయాలి. పోయిన సొమ్ము బ్యాంకులే ముందు జమచేయాలి.

అశోక్‌నగర్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఊరికి వెళ్లినప్పుడు అమ్మానాన్నల ఆధార్ వేలిముద్రకు లాక్ వేయండి. రేషనుకు, పింఛనుకు ఎలా తీయాలో నేర్పండి. సొమ్ము పోతే వెంటనే 1930కి ఫోన్ చేయించండి. అయితే ఇంటింటా తాళం వేసుకుంటే సరిపోదు. దొంగకు దారి తెరిచిన కార్యాలయాలను నిలదీయడానికి సంఘం కావాలి. అందులో మీరూ కలవాలి.