ఇంటి నంబరా, ఇంటి పేరా?

ప్రోగ్రాములు వ్రాయ నేర్చుచున్న మన చదువరులలో పలువురకు ఎదురగు చిక్కు నొకదానిని ఈ మాసమున విచారింతము. ఎవరో ఒక గడిలో చిరునామా వ్రాసిరి. అది ఐపీ చిరునామాయా, డొమైను పేరా యని కోడు ఎట్లు కనిపెట్టవలెను?

ఐపీ చిరునామా యంత్రమునకు ఇంటి నంబరు వంటిది. పాతపద్ధతిలో నాలుగు సంఖ్యలు, నడుమ చుక్కలు. ఒక్కొక్క సంఖ్య 0 మొదలు 255 వఱకు నుండవచ్చును. 127.0.0.1 అనునది ప్రతి యంత్రమును తన్ను తానే పిలుచుకొను చిరునామా. డొమైను పేరన్ననో మనుష్యుల జ్ఞాపకమునకై యేర్పడినది. 1983లో పాల్ మొకాపెట్రిస్ ఈ పేర్ల పద్ధతిని రూపొందించెను. అంతకు మునుపు కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థలో ఎలిజబెత్ ఫీన్లర్ అను విదుషి నడపిన కార్యాలయము యంత్రముల పేర్లన్నిటిని ఒకే పట్టికలో వ్రాసి యుంచుచుండెను. ఈ సంగతి మనలో నెందఱకు తెలియును?

అంకె కనబడినచో ఐపీ, అక్షరము కనబడినచో పేరు అని తోచుట సహజమే. అది చాలదు. పేరు అంకెతో మొదలు కారాదను పాత నియమము 1989లో సడలింపబడినది. కావున మొదటి ముక్కను గాక తుది ముక్కను చూడవలెను. డొమైను పేరు తుదిభాగము కేవలము అంకెలుగా నుండదు. ఐపీ ఆఱవ కూర్పులో కోలను గుర్తులుండును. పేరులో కోలను చెల్లదు గనుక అచట సందేహము లేదు, వెనుక తగిలించిన పోర్టు సంఖ్యను ముందుగా తీసివైచినచో.

అసలు ప్రమాదము వేఱొకచోట నున్నది. 127.0.0.1ను 2130706433 అని యొకే సంఖ్యగా వ్రాసినను, 127.1 అని కుదించినను, పెక్కు సాధనములు గ్రహించును. లోపలి చిరునామాలను అడ్డగింపవలసిన కోడు దీనిని పేరని భ్రమించి విడిచినచో, దొంగకు పెరటి తలుపు తీసినట్లే. ముందు సున్న పెట్టుటయు నిట్టిదే. 010.8.8.8 అను దానిని పైథాను భాష కొన్ని కూర్పులలో 10.8.8.8 అని చదివెను. మఱికొన్ని సాధనములు ఆ సున్నను ఎనిమిదింటి లెక్కకు గుర్తుగా నెంచి 8.8.8.8 అని చదువును. ఈ లోపము 2021లో సవరింపబడినది. ఇప్పుడు పైథాను అట్టి సున్నను నిరాకరించును.

తెలుగువారు గమనింపదగిన దింకొకటి. పైథానులోని ఈజ్‌డిజిట్ పరీక్ష "౧౨౭" అను మన అంకెలను గూడ అంకెలే యనును. ముచ్చటయే గాని ఐపీ పరీక్షకు పనికిరాదు.

కాబట్టి స్వయముగా సూత్రములల్లుట మాని, పైథానులోని ఐపీఅడ్రస్ అను సిద్ధ సాధనమునకే ముందుగా నప్పగింపుడు. అది అంగీకరించినచో ఐపీ. కాదన్నచో "అట్లయిన పేరే కాబోలు" నని యూరకుండక, పేరు నియమములతో పోల్చి చూడుడు: ఒక్కొక్క ముక్క 63 అక్షరములు మించరాదు, ముక్కకు మొదలను చివరను అడ్డగీత యుండరాదు, తుది ముక్క అంకెలు మాత్రమే కారాదు. 2130706433 ఈ కడపటి నియమము నొద్ద పట్టుబడును.