రోడ్డు పక్క ఇల్లు ఎవరికి మంచిది?

ఆర్మూరుకు ట్రాన్స్‌ఫర్ అయిందంటే చాలు, మగవాళ్లు కిరాయి ఇల్లు వెతకడానికి బయల్దేరతారు. తూర్పు ముఖమా, బోరు ఉందా, మెయిన్ రోడ్డుకు ఎంత దగ్గర? పిల్లలు ఎటు నడుస్తారని ఒక్కరూ అడగరు. రోజూ చేయి పట్టుకుని దాటించేది మనం కదా!

44, 63 నంబరు జాతీయ రహదారులు రెండూ పెర్కిట్ దగ్గరే కలుస్తాయి. సంక్రాంతి దాటాక పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి నిజామాబాద్ యార్డుకు బస్తాలు తోలడం మొదలవుతుంది. ఇలాంటి ఊళ్లో 'రోడ్డు ఫేసింగ్' అని కిరాయి పెంచి చెప్తే తలూపుతామా? దుకాణానికైతే లాభమే. ఆరేళ్ల పిల్లకేం లాభం?

2009 విద్యాహక్కు చట్టం కింద ఐదో తరగతి వరకు బడి కిలోమీటరు నడక దూరంలో ఉండాలని నిబంధన. ఆ కిలోమీటరు మధ్యలో హైవే ఉంటే అది నడక దూరమెట్లా అవుతుంది?

వాస్తు చూసుకోండి, నేనొద్దనను. అడ్వాన్సు ఇచ్చే ముందు మాత్రం సాయంత్రం ఐదింటికి ఆ గల్లీకి మీరే వెళ్లండి. పిల్లలు ఆడుతున్నారా, గడపల ముందు ఆడవాళ్లు కూర్చున్నారా చూడండి. ఎవరూ కనబడకపోతే, ఈశాన్యం ఎంత బాగున్నా సరే, వెనక్కి వచ్చేయండి.