కోడ్ అందరిదీ, సంత మాత్రం ఒకరిది



పోయిన నెల మా హాస్టల్‌లో ఒక దరఖాస్తు పెట్టుకోవడానికి యాప్ వేసుకోమన్నారు. మా రూంలో ఆరుగురం ఉంటాం. నలుగురి ఫోన్లలో ఎక్కింది. ఇద్దరి ఫోన్లకి ఈ యాప్ సరిపడదు అని వచ్చింది. ఆ ఫోన్లు పాడవలేదు. కాల్స్ పోతున్నాయి, పాటలు వస్తున్నాయి. ఆండ్రాయిడ్ పాతది, అంతే. కంపెనీ అప్‌డేట్ ఇవ్వడం ఎప్పుడో మానేసింది. చివరికి ఓటీపీ ఒక ఫోన్‌కి, ఫారం ఇంకొకరి ఫోన్‌లో. అట్లా పని కానిచ్చాం.

ఆ రాత్రి మాలో మాకు వాదన. ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కదా, కోడ్ ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు కదా, మరి మన ఫోన్ మనం ఎందుకు బాగు చేసుకోలేం? తర్వాత చదివి, మాకు అర్థమైంది రాస్తున్నాం.

ఆండ్రాయిడ్‌లో రెండు భాగాలున్నాయి. అడుగున ఉన్న కోడ్‌ని గూగుల్ 2008లోనే బయట పెట్టింది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పైన ఉండే ప్లే స్టోర్, మ్యాప్స్ లాంటివి మాత్రం గూగుల్ సొంతం. అవి కావాలంటే ఫోన్ కంపెనీ ఒప్పందం రాసుకోవాలి. మన లెక్కలో చెప్పాలంటే, అడవిలో ఇప్పపువ్వు ఎవరైనా ఏరుకోవచ్చు. కానీ సంతలో త్రాసు ఒక్కడి చేతిలోనే ఉంటే వాడు చెప్పిందే ధర. కోడ్ అడవి, ప్లే స్టోర్ సంత. గూగుల్ కోడ్ ఉచితంగా ఇచ్చినా ప్రకటనల మీద, స్టోర్ కమిషన్ మీద సంపాదిస్తుంది.

"అయితే వేరే ఓపెన్ సిస్టం తెచ్చుకుందాం" అన్నాడు మాలో ఒకడు. అది కూడా అయ్యింది. 2014 ఆగస్టులో మన దేశంలోనే 1,999 రూపాయలకి ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్ఎక్స్ అనే ఫోన్ వచ్చింది. అందులో ఉన్నది మొజిల్లా వాళ్ల ఫైర్‌ఫాక్స్ ఓఎస్. అది పూర్తిగా ఓపెన్. కానీ అందరూ వాడే వాట్సాప్ దానికి అధికారికంగా రాలేదు. వాట్సాప్ లేని ఫోన్ ఎవరు కొంటారు? కొనేవాళ్లు లేకపోతే యాప్‌లు చేసేవాళ్లూ రారు. 2015 డిసెంబర్‌లో మొజిల్లా ఆ ఫోన్ల పని ఆపేస్తున్నామని చెప్పింది.

కోడ్ మాత్రం చావలేదు. దాని మీదే కైఓఎస్ పుట్టింది. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో వచ్చిన జియోఫోన్‌లో ఉన్నది అదే. మరుసటి ఏడాది దానికి వాట్సాప్ కూడా వచ్చింది. మన ఊళ్లలో అమ్మానాన్నల చేతుల్లో ఆ ఫోన్ చూశాం. కానీ అందులో జియో సిమ్ తప్ప ఇంకోటి పని చేయదు. జియో టవర్ అందని గూడెంలో అది ఉత్త టార్చిలైటే. అంటే ఓపెన్ కోడ్‌ని డబ్బు పెట్టినవాళ్లు బతికించారు, తాళం కూడా వాళ్లే వేశారు.

అందుకే "ఓపెన్ అయితే చాలు" అనే మాట మేం ఒప్పుకోం. "వ్యాపారం నడవాలంటే తాళం తప్పదు" అనే మాట కూడా ఒప్పుకోం. తాళం ఎంత బిగించాలో చెప్పే పని ప్రభుత్వానిది. 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసింది. ప్లే స్టోర్ కావాలంటే తన మిగతా యాప్‌లన్నీ ఫోన్‌లో ముందే పెట్టాలనడం తప్పని చెప్పింది. 2023 జనవరిలో గూగుల్ మన దేశం వరకు ఆ పద్ధతి మారుస్తామంది. ఆండ్రాయిడ్ మూతపడలేదు కదా.

ఇది మన భాషకి కూడా సంబంధించిన సంగతి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. దానికి నోటో ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. కానీ అంతకుముందే అప్‌డేట్ ఆగిపోయిన ఫోన్‌లో ఆ అక్షరాలు ఖాళీ డబ్బాలుగానే కనిపిస్తాయి. అక్షరం ఉంది, ఫాంట్ ఉంది, ఫోన్ లోపలికి పోయే దారి మూసి ఉంది.

మేం అడిగేది మూడు. స్కాలర్‌షిప్, అడ్మిషన్ లాంటి ఏ దరఖాస్తు అయినా యాప్ లేకుండా, పాత ఫోన్ బ్రౌజర్‌లో కూడా తెరుచుకోవాలి. అప్‌డేట్లు ఆపేసిన కంపెనీ ఆ ఫోన్ తాళం తీసివ్వాలి. లీనేజ్ ఓఎస్ లాంటివి చేసే వాలంటీర్లు ఉన్నారు, తాళం తీస్తేనే వాళ్లకి పని. మూడోది మనలో మనకి: కంప్యూటర్స్ చదివే అన్నలు, అక్కలు సెలవుల్లో వచ్చి హాస్టల్ తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఈ పని నేర్పాలి.

మా రూంలో ఆ రెండు పాత ఫోన్లు ఇంకా ఉన్నాయి. మొదట వాటి మీదే నేర్చుకుంటాం. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కింద చెప్పండి.

జై ఆదివాసీ.