కామెర్లకు పసరు, క్లోమానికి పథ్యం

పలమనేరు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే ఇంట్లోవాళ్లు ముందు వాకబు చేసేది డాక్టరు కోసం కాదు, పసరు పోసేవాళ్ల కోసం. నేలఉసిరి నూరి పరగడుపున తాగిస్తారు. కొన్నిచోట్ల చేతికి వాత కూడా పెడతారు. ఆపైన పథ్యం. నూనె, ఉప్పు, కారం మాని మజ్జిగన్నమే తినాలి. కొన్ని వారాలకు కళ్లు తెల్లబడతాయి, పసరుకు పేరొస్తుంది.

నిజానికి కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గిపోతాయి. పసరు తాగినా అంతే, తాగకపోయినా అంతే. ఆ పేరు నమ్మి, వేరే జబ్బున్న మనిషి కూడా అదే గడప తొక్కుతున్నాడు. నా బాధ అదే.

కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే గొట్టం పేగులో కలిసేముందు క్లోమం తలభాగం గుండా పోతుంది. అక్కడ కణితి లేస్తే గొట్టం మూసుకుపోతుంది. కళ్లు, మూత్రం పచ్చగా, మలం సుద్దలా తెల్లగా, ఒళ్లంతా దురద. చాలాసార్లు నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని పసరు మీద పసరు తాగుతూ నెలలు పోగొట్టుకుంటారు. క్లోమం క్యాన్సరును ఆపరేషన్‌తో తీసేయగల దశలో బయటపడేది దాదాపు ఐదుగురిలో ఒక్కరికే.

జబ్బు తేలాక ఇంకో నమ్మకం లేస్తుంది, ‘ఏం తిన్నాడో!’ అని. తిండికి పాత్ర ఉంది, కాదనను. ఎర్ర మాంసాన్ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ప్రకటించింది. ప్రధాన ఆధారం పెద్దపేగు క్యాన్సర్‌దే అయినా క్లోమంతోనూ సంబంధం కనిపించిందని చెప్పింది. ఊబకాయం, ఏళ్ల తరబడి షుగరు, అతిగా తాగి తెచ్చుకునే క్లోమం వాపు కూడా ముప్పు పెంచుతాయి. అన్నిటికన్నా గట్టిగా రుజువైంది మాత్రం పొగ. పొగతాగేవారికి ముప్పు దాదాపు రెట్టింపు. సంగటి పక్కన ఏ కూర వేసుకున్నాడో ఆరా తీసేవాళ్లు జేబులోని బీడీ కట్ట సంగతి ఎత్తరు.

తిండి మీద నెపం వేయడంలో శాస్త్రవేత్తలూ తొందరపడ్డారు. దక్షిణాదిలో చిన్న వయసులోనే క్లోమంలో రాళ్లు చేరి షుగరుకు, కొందరిలో క్యాన్సరుకు దారితీసే జబ్బు ఒకటుంది. దానికి కర్రపెండలమే కారణమని చాలాకాలం అనుమానించారు. స్పింక్-1 జన్యువులోని మార్పులకు ఆ జబ్బుతో గట్టి సంబంధం ఉందని 2002లో హైదరాబాదు సీసీఎంబీ పరిశోధకులు చూపారు. శాస్త్రం తన మాటను పరీక్షకు పెట్టుకుంది. పసరు పోసేవాళ్లు తగ్గనివాళ్ల లెక్క రాసుకోరు.

నలభై దాటినవారికి నొప్పి లేకుండా కళ్లు పచ్చబడినా, మనిషి చిక్కిపోతూ కొత్తగా షుగరు బయటపడినా పసరు జోలికి పోకండి. ఆ వారంలోనే కడుపు స్కాన్ తీయించండి. తిరుపతిలో స్విమ్స్ ఉంది, సరిహద్దు దాటితే వేలూరు సీఎంసీ ఉంది.