అక్షర మెఱిగిన కత్తెర



మా తిరుపతి జిల్లాలోని శ్రీ సిటీయందు క్రియా విశ్వవిద్యాలయమున జీవశాస్త్రమును బోధించుచున్నారు. ఆడపిల్లకు ఆ చదువేల యని యడుగు పెద్దలు మన యిండ్ల నింకను గలరు. వారికొఱకు మేము ఈ మాసము ఒక కత్తెర కథ చెప్పెదము.

మన దేహకణములలో డి.ఎన్.ఏ. యను జంటపోగు గలదు. అది ఎ, టి, జి, సి యను నాలుగక్షరములతో వ్రాసిన గ్రంథము వంటిది. దానిని వలసినచోట ఖండించుటకు ఉక్కు కత్తెర పనికిరాదు. సూక్ష్మజీవులు తమలో జొరబడు వైరసులను తునుకలు చేయుటకై దాచుకొన్న రెస్ట్రిక్షన్ ఎంజైములే అందుకు సాధనములు. మన ప్రేవులలో వసించు ఇ.కోలై జాతినుండి లభించిన ఈకో ఆర్ వన్ అనునది జి-ఎ-ఎ-టి-టి-సి యను వరుస కనబడినచోట, జికిని ఎకిని నడుమ కోయును. ఒక పోగును ఎడమనుండియు, దాని జంటను కుడినుండియు చదివినచో అదే వరుస వచ్చును. మన ‘వికటకవి’ పదమునకు ఇది దూరపు చుట్టము! ఈ ఎంజైముల పరిశోధనకై ఆర్బర్, నాథన్స్, స్మిత్ గారలకు 1978లో నోబెల్ బహుమానము లభించెను.

ప్రయోగమును వంటవలెనే కొలతతో చేయవలెను. శీతలమున దాచిన ఎంజైమును తగిన లవణద్రవముతో డి.ఎన్.ఏ.కు జేర్చి, 37 డిగ్రీల వెచ్చదనమున గంటసేపుంతురు. పిదప సముద్రపు నాచునుండి తీసిన అగరోజ్ పలకలో నుంచి విద్యుత్తును ప్రసరింపజేయగా, చిన్న తునుకలు వడిగను, పెద్దవి మెల్లగను నడచి విడిపోవును.

ఈ తునుకల పొడవులు మనిషి మనిషికి భేదించును. హైదరాబాదు సి.సి.ఎం.బి. యందు లాల్జీసింగ్ గారు, కట్లపాము జాతిలో దొరకిన యొక డి.ఎన్.ఏ. తునుకను ఆనవాలుగా గొని, ఆ భేదమును చూపు పద్ధతి నేర్పఱచిరి. కేరళమున తలశ్శేరి న్యాయస్థానమునందు ఒక తల్లి తన బిడ్డ పోషణకై మొఱపెట్టుకొనెను. ఆ పురుషుడు తాను తండ్రిని గాననెను. రక్తపరీక్షకు హైదరాబాదునకు పంపిరి. బిడ్డయందుండి తల్లియందు లేని గుర్తులు తండ్రియం దుండవలెను గదా! అతడే తండ్రియని తేలెను. తల్లి మాట నిలిచెను. నేడీ పరీక్షకు వేఱు పద్ధతులు వచ్చినవి గాని, తొలుత దారి చూపినది ఈ కత్తెరయే.

భారతమున శకుంతల బిడ్డను జూపినను దుష్యంతుడు ఎఱుగననెను. ఆకాశవాణి పలికినగాని ఆమె మాట నెగ్గలేదు. తలశ్శేరి తల్లికి ఆ వాణి ప్రయోగశాలనుండి పలికినది. దానిని పలికింప నేర్చు విద్య మన బాలికలకు వలదనుట తగునా?